చలి రోజుల్లో గ్యాస్ కోత: ఫర్మ్ కెపాసిటీ తీసుకోండి

చలి ముదిరిన రోజే మీ ఫ్యాక్టరీకి గ్యాస్ కోసేశారని, పైప్‌లైన్ వాళ్లు పక్షపాతం చూపారని రాశారు కదండీ. మీ టెన్షన్ అర్థమైంది, కానీ మీరు పంపిన షెడ్యూల్ కాగితంలో కాంట్రాక్టు పేరు పక్కన 'ఐటీ' అని ఉంది చూడండి, అంటే ఇంటరప్టిబుల్, పైప్‌లైన్‌లో చోటు మిగిలితేనే గ్యాస్ పంపే ఒప్పందం. ఫర్మ్ అంటే చోటు మీకోసం ఖాయంగా రిజర్వు చేసిన ఒప్పందం. అమెరికాలో అంతర్రాష్ట్ర పైప్‌లైన్లు ఫెర్క్ (కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థ) ఆమోదించిన టారిఫ్, అంటే రేట్లు, నిబంధనల పత్రం ప్రకారమే పంచాలి: ముందు ప్రైమరీ ఫర్మ్ (కాంట్రాక్టులో రాసిన చోట్లకే పంపేది), తర్వాత సెకండరీ ఫర్మ్ (ఫర్మ్ వాళ్లు వేరే చోట్లకు పంపేది), మిగిలితేనే మీకు. పైగా సెంట్రల్ టైమ్ మధ్యాహ్నం 1 గంటకల్లా మీరు నామినేషన్ (రేపు ఎంత గ్యాస్ కావాలో చెప్పే అర్జీ) ఇచ్చి, అది ఖరారైనా సరే, ఆ తర్వాతి సైకిళ్లలో, అంటే అర్జీలు మళ్లీ తీసుకునే విడతల్లో, ఫర్మ్ వాళ్లు వచ్చి మిమ్మల్ని పక్కకు నెట్టొచ్చు, ఒక్క చివరి ఇంట్రాడే (గ్యాస్ పంపే రోజునే జరిగే) సైకిల్‌లో తప్ప.

ఫిర్యాదు వల్ల లాభం లేదు. చలికాలానికి కెపాసిటీ రిలీజ్‌లో, అంటే ఫర్మ్ ఉన్నవాళ్లు తమ చోటును ఇతరులకు ఇచ్చే పద్ధతిలో, ఫర్మ్ తీసుకోండి. 31 రోజులు లేదా అంతకు తక్కువకైతే ముందే మాట్లాడుకున్న ఒప్పందానికి బిడ్డింగ్ అక్కర్లేదు. కాకపోతే 2008 నాటి ఫెర్క్ ఆర్డర్ 712 తర్వాత ఏడాది లోపు రిలీజ్‌లకు ధర పరిమితి లేదు, చలి ముదిరాక ధర పెరగొచ్చు, కాబట్టి జనవరి దాకా ఆగకండి. రీకాల్ షరతు ఉందేమో తప్పకుండా చదవండి, అది ఉంటే ఇచ్చినవాళ్లు ఆ చోటును సరిగ్గా చలి రోజునే వెనక్కి లాక్కోవచ్చు.