తేదీ ఒక్కటే, క్యాలెండర్లు ఆరు

కొత్త యాప్‌నో కొత్త సరుకునో మార్కెట్లోకి తెచ్చేటప్పుడు ఉమ్మడి క్యాలెండర్‌ని ఎలా వాడుకోవాలని విశాఖ పాఠకులు అడిగిన ప్రశ్నలు ఈసారి.

ప్రశ్న: మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఎనిమిది మందిమి. గూగుల్ క్యాలెండర్‌లో ‘లాంచ్’ అని ఒకటి పెట్టి అందరికీ షేర్ చేశాం. రోజువారీ మీటింగుల నుంచి సెలవుల దాకా అన్నీ అందులోనే వేస్తున్నాం. అయినా పోయిన రెండు రిలీజులూ ఆలస్యమయ్యాయి. ఒకరేమో రిమైండర్ రాలేదంటారు, ఇంకొకరేమో తేదీ ఎవరు మార్చారో తెలీదంటారు. ఎక్కడ తేడా వస్తోంది?
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: రిమైండర్ సంగతి ముందు తేల్చేద్దాం. క్యాలెండర్ షేర్ చేస్తే అందులో ఉన్నవి అందరికీ కనిపిస్తాయి, అంతవరకే. రిమైండర్ మోగాలంటే ఎవరికి వారు ఆ క్యాలెండర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పెట్టుకోవాలి. మీరు పెట్టిన ‘ఒక రోజు ముందు’ మీ ఫోన్‌కే పనిచేస్తుంది. అందుకని పని ఎవరిదో వాళ్ళని ఆ ఈవెంట్‌కి గెస్ట్‌గా చేర్చండి. అప్పుడది వాళ్ళ సొంత క్యాలెండర్లోకీ వెళ్తుంది. తేదీ జరిపి సేవ్ చేసినప్పుడు గెస్టులకి తెలియజేయాలా అని అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కేస్తే వాళ్ళకి మెయిల్ వెళ్ళదు. చాలా టీముల్లో ‘నాకెవరూ చెప్పలేదు’ అన్న మాట పుట్టేది ఇక్కడే.

ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ళ క్యాలెండర్ వాడేవాళ్ళకి ఇంకో చిక్కుంది. గూగుల్‌లో షేర్ చేసినవి అందులో వాటంతటవే రావు, గూగుల్ సింక్ పేజీలో టిక్ పెట్టాలి. ఆండ్రాయిడ్‌లో కూడా ఒక్కోసారి యాప్ సెట్టింగ్స్‌లో ఆ క్యాలెండర్‌కి సింక్ ఆన్ చేస్తే గాని కనిపించదు. ఎనిమిది ఫోన్లూ ఒకసారి బల్ల మీద పెట్టించి చూసుకోండి.

ఇక తేదీ ఎవరు మార్చారన్నది. షేరింగ్‌లో నాలుగు అంచెలున్నాయి: ఖాళీనా కాదా అన్నది మాత్రమే చూడడం, వివరాలన్నీ చూడడం, ఈవెంట్లు మార్చడం, మార్చడంతో పాటు షేరింగ్ కూడా చూసుకోవడం. ఎనిమిది మందికీ మార్చే హక్కు అక్కర్లేదు. లాంచ్ బాధ్యత ఉన్నవారు ఒకరు, వారు లేనప్పుడు చూసేవారు ఒకరు, ఇద్దరు చాలు. మిగతావాళ్ళు చూస్తే సరిపోతుంది. ఈ మార్పులు కంప్యూటర్లో బ్రౌజర్ నుంచి చేయండి. ఈవెంట్ ఎవరు వేశారో కనిపిస్తుంది గాని, ఆ తర్వాత ఎవరు జరిపారో అందులో కనిపించదు. కాబట్టి జరిపిన ప్రతిసారీ వివరణలో ఒక లైను రాయాలి: పాత తేదీ, కారణం, మార్చినవారి పేరు. పొరపాటున ఎవరైనా డిలీట్ చేస్తే కంగారు పడకండి, చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది.

అసలు జబ్బు మాత్రం మీరు చెప్పిన ‘అన్నీ అందులోనే’ అన్న మాటలో ఉంది. రోజూ పొద్దున పది నిమిషాలు జరిగే మీటింగు కూడా అదే క్యాలెండర్లో ఉంటే, కోడ్ ఫ్రీజ్ (ఇక కోడ్‌లో మార్పులు ఆపేసే) తేదీ దాని కింద కనబడకుండా పోతుంది. ఒక ప్రశ్న వేసుకోండి: ఈ తేదీ జారితే ఇంకొకరి పని ఆగుతుందా? ఆగితేనే లాంచ్ క్యాలెండర్లో వేయండి. లేకపోతే అది ఎవరి సొంత క్యాలెండర్లో వాళ్ళది. ఇలా వడకడితే చిన్న రిలీజుకి పది, పదిహేను ఈవెంట్లకి మించవు. పేరు కూడా పూర్తయిందో లేదో తేల్చేలా ఉండాలి. ‘టెస్టింగ్’ అని రాస్తే అది ఎప్పటికీ నడుస్తూనే ఉంటుంది. ‘టెస్టింగ్ పూర్తి, పెద్ద బగ్గులు సున్నా, బిల్డ్ (తయారైన యాప్) స్టోర్‌కి’ అని రాయండి.

తేదీలు లాంచ్ రోజు నుంచి వెనక్కి వేసుకు రావాలి. యాప్‌ని స్టోర్‌లో పెట్టే ముందు ఆపిల్, గూగుల్ పరిశీలిస్తాయి. సమర్పించిన వాటిలో 90 శాతం 24 గంటల్లోపే చూసేస్తామని ఆపిల్ చెబుతుంది. గూగుల్ ప్లేలో 7 రోజులు పట్టవచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తిరస్కరిస్తే సరిచేసి మళ్ళీ పంపాలి. అందుకే స్టోర్లకి పంపే రోజు లాంచ్‌కి కనీసం 10 రోజుల ముందు ఉండాలి. దానికి రెండు రోజుల ముందు స్క్రీన్‌షాట్లు, వివరణ సిద్ధం. పంపే రోజుకి 5 పనిదినాల ముందు కోడ్ ఫ్రీజ్. ఫ్రీజ్‌కీ పంపడానికీ మధ్య రెండు రోజులు ఖాళీగా ఉంచి, ఆ ఖాళీని కూడా ఈవెంట్‌గా వేయండి. వేయకపోతే ఎవరో ఒకరు డెమో పెట్టేస్తారు.

ప్లేలో మీది 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతా అయితే లెక్క మారుతుంది. కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో (మీరు పిలిచినవాళ్ళకే పరిమితమైన పరీక్షలో) ఉంటేనే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీనికొక్కదానికే నాలుగు వారాలు కేటాయించండి.

పాత యాప్‌కి కొత్త వెర్షన్ అయితే, ఆపిల్‌లో దశలవారీ విడుదల 7 రోజులు నడుస్తుంది. ఆటోమేటిక్ అప్‌డేట్ పెట్టుకున్నవాళ్ళలో రోజువారీగా 1, 2, 5, 10, 20, 50, 100 శాతం మందికి వెళ్తుంది. పెద్ద ప్రకటన మొదటి రోజునే వేస్తే, ఆటోమేటిక్ అప్‌డేట్ మీద ఆధారపడ్డవాళ్ళు చాలామంది పాత వెర్షన్‌లోనే ఉండి ‘మాకు రాలేదే’ అని ఫోన్ చేస్తారు. ప్రకటన తేదీని ఎనిమిదో రోజుకి వేయండి.

ప్రశ్న: మా ఎండీ గారు శుక్రవారం పొద్దున ముహూర్తం పెట్టించారు. శుక్రవారం రిలీజ్ వద్దంటుంది టెక్నికల్ టీం. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, ద్వారకానగర్

జవాబు: ఇద్దరిదీ వినొచ్చు. శుక్రవారం వద్దనడానికి కారణం ఉంది. సాయంత్రానికి ఏదైనా విరిగితే శని, ఆదివారాలు సరిచేసేవాళ్ళు దొరకరు. కాబట్టి రెండు ఈవెంట్లు వేయండి. మంగళవారం ‘స్టోర్‌లో విడుదల, కొత్త ఫీచర్ ఆఫ్’. శుక్రవారం ‘ఫీచర్ ఆన్’. మూడు రోజులు నిజమైన ఫోన్లలో యాప్ నడిచి ఉంటుంది కాబట్టి ముహూర్తానికి మీరు నొక్కేది మీ సర్వర్లోని ఒక్క స్విచ్. తేడా వస్తే అదే స్విచ్ ఆపేయొచ్చు. స్టోర్ విడుదల బటన్ మీద మాత్రం ముహూర్తం పెట్టకండి. నొక్కాక అందరికీ కనిపించడానికి 24 గంటల దాకా పట్టవచ్చు, అప్పటికి లగ్నం మారిపోతుంది. అన్నట్టు శుక్రవారం రాహుకాలం 10.30 నుంచి 12 దాకా. ఎండీ గారికి ఈపాటికి తెలిసే ఉంటుంది, క్యాలెండర్ వేసేవాళ్ళకే తెలియాలి.

ప్రశ్న: ఇంట్లోనే చోడి (రాగి) బిస్కెట్లు చేసి అమ్ముతున్నాను. అనకాపల్లి బెల్లంతో కొత్త రకం సంక్రాంతికి దుకాణాల్లో పెట్టాలని ఉంది. మా ఆయనా, నేనూ ఫోన్లో క్యాలెండర్ షేర్ చేసుకున్నాం. మా దగ్గర పనిచేసే ముగ్గురికీ అది చూడడం రాదు. ఎప్పుడు మొదలుపెట్టాలి?
— ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: మీ క్యాలెండర్లో అన్నిటికంటే పొడుగైన గీత నిల్వ పరీక్షది. దాన్ని తొందర పెట్టలేరు. ప్యాకెట్ మీద 90 రోజులు అని వేయాలంటే 105 రోజులు ఉంచి చూడాలి. అమ్మబోయే పౌచ్‌లోనే 16 ప్యాకెట్లు సీల్ చేసి, మొదటి రోజుతో మొదలుపెట్టి పదిహేను రోజులకోసారి రెండేసి విప్పండి, మొత్తం ఎనిమిది సార్లు. బెల్లం తేమ పీలుస్తుంది, విశాఖ గాలిలో తేమకి తక్కువ లేదు, కాబట్టి ముందు మెత్తబడతాయి. తర్వాత వెన్న, పిండి ముక్క వాసన పడతాయి. రెండూ విడివిడిగా రాసుకోండి. మెత్తబడడం పౌచ్ లోపం కావచ్చు, వాసన మాత్రం సరుకులోదే. ఇంట్లో చేసే ఈ పరీక్ష రుచి, కరకర చెబుతుంది. సూక్ష్మజీవుల సంగతి ల్యాబ్ పరీక్షలోనే తేలుతుంది.

జనవరి 5కి సరుకు దుకాణాల్లో ఉండాలనుకుంటే వెనక్కి లెక్క ఇది. వండి ప్యాక్ చేయడానికి రెండు వారాల పైచిలుకు, అంటే డిసెంబర్ 20కి పౌచ్‌లు చేతిలో ఉండాలి. ప్రింటరు మూడు వారాలంటే మీరు నాలుగు వేసుకోండి, అంటే నవంబర్ 22కి డిజైన్ ఖాయం. అప్పటికి 105 రోజుల పరీక్ష పూర్తవ్వాలంటే మొదలు ఆగస్టు 9న. ఆ తేదీ దాటిపోయిందా? అయితే ప్రింటు పౌచ్‌లు మానేసి, ఖాళీ పౌచ్ మీద స్టిక్కరు వేసి 45 రోజుల గడువుతో మొదలుపెట్టండి. 60 రోజుల పరీక్షతో సరిపోతుంది, నెలన్నర కలిసొస్తుంది. స్టిక్కరు మార్చడం తేలిక, వేల పౌచ్‌లు పారేయడం తేలిక కాదు.

డిజైన్ ఖాయం చేసే రోజు ఈవెంట్ వివరణలో ఇవన్నీ రాసి ఒక్కొక్కటీ టిక్ పెట్టండి: 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, ఆకుపచ్చ శాకాహార గుర్తు, ఎక్కువ నుంచి తక్కువకి దినుసుల వరస, గోధుమ, పాలు ఉంటే ఆ హెచ్చరిక, నికర బరువు, ఎంఆర్‌పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు. బ్యాచ్ నంబరు, తేదీలకి ఖాళీ గడి వదలాలి. మీ రిజిస్ట్రేషన్‌లో బేకరీ కేటగిరీ ఉందో లేదో పరీక్ష మొదలుపెట్టిన వారంలోనే చూసుకోండి.

పనివాళ్ళకి ఫోన్ నేర్పించనక్కర్లేదు. గోడ మీది పెద్ద గళ్ళ తెలుగు క్యాలెండర్‌లో వాళ్ళకి సంబంధించిన తేదీలే ఎర్ర స్కెచ్‌తో రాయండి. ఫోన్లో మారిన రోజే గోడ మీదా మార్చే పని ఒక్కరికే అప్పగించాలి. ఇద్దరూ మార్చుదామనుకుంటే ఎవరూ మార్చరు.

ప్రశ్న: మన ఊళ్ళో లాంచ్‌కి ఏ రోజులు వదిలేయాలి?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ‘ఆపుదల రోజులు’ అని ఇంకో క్యాలెండర్ చేసి ఎర్ర రంగులో లాంచ్ క్యాలెండర్ మీద కలిపి చూడండి. ఆషాఢ పౌర్ణమికి జరిగే సింహాచలం గిరిప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు. హనుమంతవాక, ఎంవీపీ కాలనీ, కంచరపాలెం, ఎన్ఏడీ మీదుగా జనం నడుస్తారు, ఆ దారుల్లో డెలివరీ బండి కదలదు. వైశాఖ శుద్ధ తదియ నాడు చందనోత్సవం. మార్గశిర గురువారాలు బురుజుపేట అమ్మవారి గుడి వైపు, పూర్ణామార్కెట్ చుట్టుపక్కల సరుకు దింపడం కష్టం. విజయనగరం మీదుగా సరుకు పంపేవాళ్ళు విజయదశమి తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం కూడా వేసుకోవాలి. ఇవి తిథుల్ని బట్టి ఏటా మారతాయి, గూగుల్ సెలవుల జాబితాని నమ్ముకోకుండా ఉగాదికి కొత్త పంచాంగం రాగానే చేత్తో వేయండి.

అక్టోబర్, నవంబర్లలో లాంచ్ ఉంటే బదులు తేదీ ఒకటి ముందే రాసి ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి రాలేదు. పైన చెప్పిన ‘ఫీచర్ ఆన్’ స్విచ్ నొక్కే అధికారం ఊరి బయట ఉన్న ఒకరికి కూడా ఉండాలి.

ప్రశ్న: అమెరికా క్లయింటుతో లాంచ్ మీటింగు నవంబర్లో గంట అటూ ఇటూ అయిపోతోంది. ఎందుకు?
— ఒక పాఠకురాలు, రుషికొండ

జవాబు: అక్కడ నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం ముందుకి. న్యూయార్క్ ఉదయం 9 మనకి వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. ఈవెంట్‌ని వాళ్ళ టైమ్‌జోన్‌లో వేస్తే మీ వైపు దానంతటదే జరుగుతుంది. లండన్ వాళ్ళు కూడా ఉంటే, వాళ్ళు అక్టోబర్ చివరి ఆదివారమే మారుస్తారు కాబట్టి మధ్యలో ఒక వారం ముగ్గురి లెక్కా వేరు. ఆ వారంలో లాంచ్ మీటింగు పెట్టకండి.