బీటెక్ అబ్బాయి పాత కారు కొని బాగుచేస్తానంటే...

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. థర్మోడైనమిక్స్ ఒక్కటి బ్యాక్‌లాగ్ ఉండిపోయింది. వేసవి సెలవుల్లో పాత మారుతి 800 ఒకటి కొని తనే బాగుచేసుకుంటానని పట్టుబట్టాడు. దానికి అలాయ్ వీల్స్, పెద్ద సౌండొచ్చే సైలెన్సర్ కూడా పెట్టిస్తాడట. వాళ్ల తాతయ్య డెబ్బై వేలు ఇస్తానన్నారు. మా వారేమో "వీణ్ని ఇంజనీరింగ్ చదివించేది షెడ్డులో గ్రీజు పూసుకోవడానికా? ఆ డబ్బుతో పైథాన్ కోర్సులో చేరమను" అంటున్నారు. రోజూ ఇదే గొడవ. ఈ సరదా వాడి కెరీర్‌కు ఏమైనా పనికొస్తుందా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, కొననివ్వండి. కాకపోతే ఇప్పుడే కాదు, మారుతి 800 అసలే వద్దు. అలాయ్ వీల్స్, సైలెన్సర్ మాట మాత్రం ఇంట్లో మళ్లీ ఎత్తకుండా చూడండి.

ముందు కెరీర్ సంగతి. మెకానికల్ చదివిన పిల్లలను ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి "ఇంజన్ వేడెక్కుతోంది, ఎందుకు?" అని అడిగితే చాలామంది పుస్తకంలో ఉన్న కారణాలన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు. "వాటిలో ఏది ముందు చూస్తావు, ఎందుకు?" అని అడిగితే ఆగిపోతారు. పాత కారు నేర్పేది ఆ రెండో ప్రశ్నకు జవాబు.

వేడెక్కడమే తీసుకోండి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడే వేడి చూపించే ముల్లు పైకి వెళ్తూ, రోడ్డెక్కి వేగం అందుకోగానే దిగిపోతుంటే అనుమానం రేడియేటర్ ఫ్యాన్ మీద, దాని రిలే మీద, దాన్ని ఆన్ చేసే స్విచ్ మీద పడాలి. ఎందుకంటే బండి పరిగెత్తేటప్పుడు గాలి తనంతట తనే తగులుతుంది, ఆగినప్పుడే ఫ్యాన్ అవసరం. అదే హైవే మీద వేడెక్కుతుంటే కథ వేరు. రేడియేటర్ లోపల పూడుకుపోయిందా, వేడెక్కాక నీళ్లకు దారి వదిలే థర్మోస్టాట్ సరిగా తెరుచుకోవడం లేదా, వాటర్ పంపు నీళ్లు తిప్పుతోందా అని చూడాలి. కింద ఎక్కడా చుక్క కారకుండా కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మాత్రం తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ బ్లాకుకు, దాని పైనున్న హెడ్‌కు మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఇలా లక్షణాన్ని బట్టి అనుమానాలను ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ రావడం ఒకసారి అలవాటైతే, రేపు అబ్బాయి కారు పక్కన ఉన్నా టర్బైన్ పక్కన ఉన్నా అది పనికొస్తుంది. మీ వాడికి బ్యాక్‌లాగ్ ఉన్న సబ్జెక్టుకు కూడా ఇదంతా దగ్గరి చుట్టమే.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది మీ వారికి కూడా నచ్చుతుంది. బండి నీలం పొగ వదులుతోంది, ఆయిల్ తాగుతోంది, పికప్ లేదు. షెడ్డులో చూపిస్తే "ఇంజన్ దించాలి సార్" అనడం మామూలే. కంప్రెషన్ గేజ్ అని ఒక చిన్న పరికరం ఉంటుంది. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రంలో గేజ్ బిగించి, సెల్ఫ్ కొడితే ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి వస్తోందో చూపిస్తుంది. ఒక సిలిండర్‌లో తక్కువ వచ్చిందనుకోండి. అందులో కొద్దిగా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఈసారి ఒత్తిడి పెరిగితే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు, ఎందుకంటే ఆ సందును ఆయిల్ కాసేపు మూసింది. పెరగకపోతే వాల్వుల దగ్గరో, గ్యాస్కెట్ దగ్గరో లీకు ఉన్నట్టు. మొదటిదైతే ఇంజన్ దించక తప్పదు, రెండోదైతే చాలాసార్లు హెడ్ విప్పితే సరిపోతుంది. ఖర్చులో తేడా వేలల్లో ఉంటుంది. కొలిచి, అంకె చూసి నిర్ణయం తీసుకోవడమే కదా ఇంజనీర్ పని. అది గ్రీజు చేతులతో చేస్తే తక్కువైపోదు.

ఇక మారుతి 800 ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. దాని మీద నాకేం కోపం లేదు. 1983 డిసెంబర్‌లో మొదటి బండి వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. స్పేర్ పార్టులు ఇప్పటికీ చవకే, విప్పి బిగించడం తేలిక. కానీ చవకగా దొరికే పాతవి చాలావరకు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే పాతకాలపు పరికరం) ఉన్న బళ్లు. కార్బురేటర్ శుభ్రం చేయడం, ప్లగ్గులకు స్పార్క్ అందించే పాయింట్ల గ్యాప్ పెట్టడం ముచ్చటైన పనులే కానీ, ఇవాళ షోరూమ్‌లో ఉన్న ఏ కారులోనూ అవి లేవు. చదువు ముగిసేలోపు చేతిలో ఉన్న సమయం తక్కువ. ఆ సమయాన్ని సెన్సార్లు, ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) ఉన్న బండి మీద పెట్టమనండి. 2003 తర్వాతి ఆల్టో గానీ శాంత్రో జింగ్ గానీ చూడండి. రెండూ ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు అందే) బళ్లే, రెండూ మన ఊళ్లలో వేలల్లో తిరిగాయి కాబట్టి చేయి తిరిగిన మెకానిక్ ప్రతి మండలంలోనూ ఉంటాడు. ఒక మల్టీమీటర్ కొనిస్తే కూలెంట్ సెన్సార్, థ్రాటిల్ సెన్సార్ ఏ వేడికి, ఏ స్థితికి ఎంత చూపిస్తున్నాయో అబ్బాయే కొలుచుకోవచ్చు. ఈసీయూలోని డేటాను ఓబీడీ స్కానర్ పెట్టి చదవాలంటే బీఎస్-4 కాలుష్య ప్రమాణాలతో 2013 ఏప్రిల్ తర్వాత తయారైన కారు మేలు, కానీ అలాంటిది మీ డెబ్బై వేలలో దొరకడం కష్టం. స్కానర్ మాత్రం చవకే. అది కొనుక్కుని స్నేహితుల కార్ల మీద, మీ బంధువుల కార్ల మీద చదవడం నేర్చుకోవచ్చు.

మీ వారు చెప్పిన పైథాన్ కూడా ఇక్కడే కలుస్తుంది. ఆయన మాటలో సగం నిజం ఉంది. కోడింగ్ అసలు రాని మెకానికల్ ఇంజనీర్‌కు ఆటోమొబైల్ ఆర్ అండ్ డి ఉద్యోగాల్లో దారి ఇరుకు. హైదరాబాద్‌లో హ్యుందాయ్‌కి, కార్ల విడిభాగాలు తయారుచేసే జెడ్‌ఎఫ్‌కి పెద్ద ఇంజనీరింగ్ సెంటర్లు ఉన్నాయి. అలాంటి చోట పని డిజైన్, సిమ్యులేషన్, సాఫ్ట్‌వేర్, టెస్టింగ్ చుట్టూ తిరుగుతుంది. స్కానర్ నుంచి వచ్చిన ఇంజన్ డేటాను పైథాన్‌తో గ్రాఫు గీసి, "ఫలానా సమస్య ఇక్కడ కనబడింది, ఇలా సరిచేశాను" అని చూపించగలిగితే, సర్టిఫికెట్ ఒక్కటే ఉన్నవాడి కంటే ఆ అబ్బాయితోనే ఎక్కువసేపు మాట్లాడతారు. కాబట్టి కోర్సా, కారా అని పోట్లాడుకోకండి. కోర్సుకు డెబ్బై వేలు అక్కర్లేదు, మొదలుపెట్టడానికి ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా వినవచ్చు.

ఉద్యోగాల మాట వచ్చింది కాబట్టి, ఎవరూ పెద్దగా చెప్పని రెండు దారులు. ఒకటి, మోటారు బీమా సర్వేయర్. ప్రమాదం జరిగిన బండిని చూసి నష్టం ఎంతో అంచనా వేసే పని. ఇంజనీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవాళ్లు ట్రైనీగా చేరి, పరీక్ష పాసై, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్స్ తీసుకోవచ్చు. రెండోది, రవాణా శాఖలో అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టు. తెలంగాణలో టీఎస్‌పీఎస్సీ 2022 చివర్లో 113 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. మెకానికల్, ఆటోమొబైల్ వాళ్లు అర్హులే, డ్రైవింగ్ లైసెన్స్ కూడా అడుగుతారు. ఈ రెండింటిలోనూ బండి కింద ఎప్పుడూ చూడని ఇంజనీర్‌కు, చూసిన ఇంజనీర్‌కు తేడా తొందరగానే బయటపడుతుంది. ఇక అనంతపురం వైపు పెనుకొండ దగ్గర కియా ప్లాంటు 2019 నుంచి నడుస్తోంది, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతాయి. ఉత్పత్తి, క్వాలిటీ విభాగాల ఉద్యోగాలు మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి.

ఒక మాట ముందుగా తెలుసుకోండి. మీ అబ్బాయి కాలేజీలో బాహా గానీ, ఫార్ములా గానీ విద్యార్థుల టీమ్ ఉంటే, కారు కంటే ముందు అందులో చేరమనండి. ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ ఇండియా 2007 నుంచి బాహా పోటీలు నడుపుతోంది. విద్యార్థులే చిన్న బగ్గీ లాంటి బండిని డిజైన్ చేసి, వెల్డింగ్ చేసి, పోటీకి తీసుకెళ్లాలి. డ్రాయింగు, బడ్జెట్, గడువు, నలుగురితో తగువు పడకుండా పని చేయడం, ఇవన్నీ అక్కడ నేర్చుకోవాల్సిందే. సొంత కారు దగ్గర అడిగేవాడుండడు కాబట్టి ఆరు నెలలు బానెట్ ఎత్తిపెట్టి ఉంచినా నడిచిపోతుంది. టీమ్ లేకపోతే కారు మంచి ప్రత్యామ్నాయం.

ఇప్పుడే ఎందుకు వద్దన్నానంటే, సప్లీ రాసి బ్యాక్‌లాగ్ తీసేయాలి. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలా వాటికి బ్యాక్‌లాగ్ ఉంటే రాత పరీక్షకే పిలుపు రాదు, అప్పుడు ఈ కారు కథ వినేవాళ్లుండరు. ఈలోగా ఆదివారాలు ఖమ్మంలోనో, హాస్టల్ దగ్గరో ఒక మంచి షెడ్డుకు వెళ్లమనండి. వయసులో పెద్దవాడు, నిదానంగా పనిచేసేవాడు అయిన మెకానిక్‌ను చూసుకుని, "అన్నా, నీ దగ్గర ఉండి చూస్తా, చెప్పిన పని చేస్తా" అని అడగాలి. మొదట పానాలు అందించడం, ఆయిల్ దించడం, నట్లు కడగడమే పని. ఆ పనికి రెండు నెలలు నిలబడితే కారు కొనిపెట్టండి. మూడో వారానికే విసుగొస్తే తాతయ్య గారి డబ్బు మిగిలినట్టే. ఆ మెకానిక్ ఎంత చదివాడని మీ వాడు గానీ, మీ వారు గానీ చూడకూడదు. చప్పుడు విని బేరింగ్ పోయిందో లేదో చెప్పగలిగే చెవి కాలేజీ లేబొరేటరీలో ఎవరికీ రాదు.

డబ్బు లెక్క ఇలా పెట్టుకోండి. డెబ్బై వేలలో బండికి నలభై మించకూడదు. మిగిలింది టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, బెల్టులు, రబ్బరు పైపులు తినేస్తాయి. ఇంజన్ చెడిన బండి కంటే తుప్పు పట్టిన బండి ప్రమాదం. ఇంజన్ పనికి హద్దు ఉంటుంది, రేకు పనికి (టింకరింగ్‌కు) ఉండదు. తలుపుల కింది పట్టీలు, కాళ్ల దగ్గరి మ్యాటు ఎత్తితే కనిపించే ఫ్లోరు, బ్యాటరీ కింది రేకు, ముందు సస్పెన్షన్ బిగించే చోటు చేత్తో తట్టి చూడాలి. కొత్తగా రంగు వేసి మెరుస్తున్న పాత బండిని చూస్తే నాకైతే అనుమానమే.

కాగితాల దగ్గర అసలు రాజీ పడకండి. సొంత కారు ఆర్సీ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. అందుకని పాత యజమాని అప్పటికే రెన్యువల్ చేయించిన బండే చూడండి. నంబర్ రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో కొట్టి ఆర్సీ గడువు, ఫైనాన్స్ బాకీ, ఇన్సూరెన్స్ చూశాకే బేరం మొదలుపెట్టాలి. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని "తర్వాత మార్పించుకుందాంలే" అని ఊరుకోవద్దు, వెంటనే పేరు మార్పించాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా కారు గేటు దాటకూడదు.

సైలెన్సర్ గురించి మీ వాడితో నా మాటగా చెప్పండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మార్చి, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా చేయడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సౌండ్ సైలెన్సర్‌తో పోలీసులకు దొరికిన బండిని ప్రాజెక్టుగా రెజ్యూమెలో రాసుకోలేం కదా. కంపెనీ నుంచి బయటికొచ్చినప్పుడు ఎలా ఉందో అలా తిరిగి నడిపించడమే కష్టమైన పని, దానికే విలువ.

పని చేసేటప్పుడు మూడు విషయాల్లో మీరే పట్టుబట్టాలి. జాకీ మీద మాత్రమే ఆగిన కారు కిందికి దూరకూడదు, కింద స్టాండ్లు పెట్టాల్సిందే. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదు. బ్రేకులు, స్టీరింగ్ తను ముట్టుకున్నా సరే, మెకానిక్ చూసి నడిపి సరే అన్నాకే రోడ్డెక్కాలి.

ఒక నోటు పుస్తకం పెట్టమనండి. తేదీ, కనిపించిన లక్షణం, అనుమానించింది, కొలిచిన అంకె, చేసిన పని, పెట్టిన ఖర్చు. విప్పే ముందు, విప్పాక ఫోటోలు. రెజ్యూమెలో "పాత ఆల్టో బాగుచేశాను" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. రెండో సిలిండర్‌లో కంప్రెషన్ ఎంత ఉండేది, ఎంతకు తెచ్చాడు, దానికి ఎంత ఖర్చయింది అని రాస్తే ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లు అక్కడే ఆగి ప్రశ్నలు వేస్తారు. వాటికి జవాబులు మీ వాడి చేతికి తెలుసు.

ఏడాది గడువు పెట్టుకోండి. అప్పటికి బండి నడవకపోతే, మోజు తీరిపోతే, ఎంతకొస్తే అంతకు అమ్మేయడమే. అదీ కుదరక తుక్కుకు ఇవ్వాల్సి వస్తే మామూలు పాత ఇనుప దుకాణానికి ఇవ్వకండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, బండి అప్పగించినట్టు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకుని, ఆర్‌టీఏలో ఆర్సీ రద్దు చేయించండి. లేకపోతే కారు ముక్కలైపోయినా రికార్డులో మాత్రం మీ అబ్బాయి పేరు మీదే ఉంటుంది.