చక్రం వెనక రాయి పెట్టి దిగు

అబ్బీ,

నువ్వు ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం పోయే పికప్ కొంటున్నావని, వేంపల్లె అవతల గుట్టల్లోని తోటల నుంచి చీనీకాయలు, అరటి గెలలు నువ్వే తోలుకొస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వాన పడితే బండి రాక, కోసిన కాయ గట్టు మీదే చెడిపోతున్న రైతులను చూసి ఈ ఆలోచన చేశావంట. విని నాకు చాలా గర్వమనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెదనాయనా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

టైర్లు, బ్రేకులు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ చూసుకో. గుట్ట దిగేటప్పుడు చిన్న గేరులో దిగు, క్లచ్ తొక్కొద్దు. ఇవి నీకు తెలిసినవే.

అమ్మేవాడు "ఫోర్ వీల్ అన్నా, యాడా ఇరుక్కోదు" అన్నాడంట. ఆ మాట నమ్మొద్దు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఆ తేడా కోసమే ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె ఉంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగా బలం పంచుతుంది. ఒక చక్రం గాల్లోకి లేచిందనుకో, దాన్ని తిప్పడానికి బలం దాదాపు అక్కర్లేదు. నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది, అంటే ఏమీ అందనట్టే. ఫోర్ వీల్ లీవరు వేస్తే ముందు ఇరుసుకూ బలం పోతుంది గానీ, అక్కడా అలాంటి డిఫరెన్షియలే ఉంటుంది. వంక ఏటవాలుగా దాటేటప్పుడు ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి తేలితే ఫోర్ వీల్ బండి కూడా నిలబడిపోతుంది. అప్పుడు కోపంతో యాక్సిలరేటర్ తొక్కావా, గిర్రున తిరిగే చక్రానికి ఒక్కసారిగా రాయి పట్టు దొరికి, దాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు విరుగుతుంది. నా షెడ్డుకు అట్లా విరిగి వచ్చిన బండ్లు చాలానే చూశాను.

డిఫరెన్షియల్‌ను బిగించే లాకర్ ఉంటే సంగతి వేరు. రెండు చక్రాలనూ కట్టేసినట్టు ఒకే వేగంతో తిప్పుతుంది. 2022లో మన దేశానికొచ్చిన టయోటా హైలక్స్ పికప్‌లో వెనక డిఫరెన్షియల్‌కు బటన్‌తో లాక్ పడుతుంది. కొన్ని బండ్లలో బటన్ ఉండదు, రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి 100 చుట్లకు అటూ ఇటూ అయితే దానంతట అదే పట్టుకుంటుంది. ఏదైనా సరే, లాక్ పడి ఉండగా గట్టిగా మలుపు తిప్పొద్దు. పక్కవాలు మీద అసలే వద్దు, రెండు చక్రాలూ కలిసి జారి వెనక భాగం పల్లానికి పోతుంది. తారు రోడ్డు ఎక్కగానే ఫోర్ వీల్ కూడా తీసెయ్. పొడి రోడ్డు మీద ముందు, వెనక ఇరుసులు ఒకదాన్నొకటి లాక్కుని స్టీరింగ్ బిగుసుకుంటుంది, రెండు ఇరుసులకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పాడవుతుంది.

ఇప్పుడు మీ నాయన కాలు సంగతి. జీపు మీద పడిందని నీకు తెలుసు. ఎట్లా పడిందో ఆయన సరిగ్గా చెప్పి ఉండడు. నువ్వు అప్పటికి పుట్టలేదు. వేంపల్లె దగ్గరి గండి అవతల గుట్ట ఎక్కుతుంటే వెనక కుడి టైరు పంచరైంది. జీపు మూతి పైకి ఉంది, వెనక వేరుశనగ మూటలు. మీ నాయన గేరులోనే ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి దిగాడు. పొడి నేల కాబట్టి ఫోర్ వీల్ లీవరు వేయలేదు. రాయి పెట్టలేదు. జాకీ పెట్టి కుడి చక్రాన్ని లేపాడు. చక్రం నేలను వదిలీ వదలగానే జీపు వెనక్కి దొర్లి జాకీ మీద నుంచి పడింది. ఆయన కాలు చక్రం కింద పడింది.

హ్యాండ్‌బ్రేకు మోసం చేసిందని మీ నాయన ఇప్పటికీ అంటాడు. ఆ జీపును తర్వాత విప్పి చూసింది నేనే. బ్రేకు బాగానే పట్టుకుంది. ఆ పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టుకోదు అబ్బీ, ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనక ఇరుసుకు బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. గేరు కూడా ఆపేది ఆ షాఫ్టునే. షాఫ్టు కదలకుండా ఉన్నా డిఫరెన్షియల్ లోపల ఒక చక్రం ముందుకు, రెండోది వెనక్కి తిరగడానికి దారి ఉంటుంది. కుడి చక్రం నేల మీదున్నంత సేపు అది అడ్డుపడింది. గాల్లోకి లేవగానే అది ముందుకు తిరిగింది, ఎడమ చక్రం వెనక్కి దొర్లింది. ముందు చక్రాలను పట్టుకునేదేమీ లేదు. గేరూ ఉంది, బ్రేకూ ఉంది, బండి పోయింది. రెండు వైపులా ఒక్కో రాయి పెట్టి ఉంటే మీ నాయన ఇప్పుడు నీతో సమానంగా గుట్ట ఎక్కేవాడు.

నీ పికప్‌లో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాల మీదే పడుతుంది, అది మేలు. అయినా గేరును మాత్రమే నమ్మొద్దు. లాకర్ ఉంటే ఇంకో అపాయం ఉంది: ఒక చక్రం జాకీ మీదుండగా ఇంజన్ స్టార్ట్ చేసి గేరు వేస్తే నేల మీదున్న రెండో చక్రం బండిని లాక్కుపోతుంది. ఆ పని ఎప్పుడూ చేయకు. రెండు చెక్క దిమ్మలు సీటు వెనక పెట్టుకో, రాళ్ళు వెతుక్కునే పని ఉండదు.

పాపాఘ్ని ఏటి ఇసుకలో దిగాల్సి వస్తే, ఖాళీ బండైతే గాలి 20 పీఎస్‌ఐ దాకా తగ్గించు, బయటికొచ్చాక మళ్ళీ నింపు. ముద్దనూరు, కొండాపురం వైపు నల్లరేగడిలో వాన పడితే పోకు. ఆ మట్టి టైరు గాళ్ళల్లో నిండితే ఏ లాకరూ ఏమీ చేయలేదు. ఖాళీ పికప్‌కు వెనక బరువుండదు కాబట్టి వెనక భాగమే మొదట జారుతుంది.

కాయ కోసే కూలోళ్ళను మాత్రం ట్రాలీలో ఎక్కించకు. "ఈ ఒక్క మిట్ట దాకా అన్నా" అని అడుగుతారు. ఆడవాళ్ళుంటారు, చంటిబిడ్డలుంటారు, కాదనడం కష్టం. అయినా కాదను. నిన్ను తిట్టుకున్నా పర్వాలేదు.

అడ్వాన్సు ఇవ్వకముందు బండిని షెడ్డుకు తీసుకురా. ఎల్‌ఎస్‌డీ, అంటే ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ప్లేట్లతో పట్టి ఉంచే డిఫరెన్షియల్, ఉందంటున్నాడు కదా అమ్మేవాడు, చూద్దాం. ముందు చక్రాలకు దిమ్మలు పెట్టి, వెనక ఇరుసును స్టాండ్ల మీద లేపి, ఇంజన్ ఆపి గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వదిలి ఒక చక్రాన్ని చేత్తో తిప్పుతాం. రెండోది సులువుగా ఎదురు దిక్కుకు తిరిగితే ఎల్‌ఎస్‌డీ లేదు, లేదా దాని ప్లేట్లు అరిగిపోయాయి. ఆ ధర ఇవ్వక్కర్లేదు. డిఫరెన్షియల్ ఆయిల్ కూడా తీసి చూడాలి, పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టే. మీ నాయనను కూడా పిలుచుకుని రా. ఆ జీపు డిఫరెన్షియల్ ఇంకా షెడ్డులోనే ఉంది, చక్రాలు ఎట్లా తిరిగాయో ఇద్దరికీ చేత్తో తిప్పి చూపిస్తా.

మీ పెదనాయన
కడప