లండన్‌లో ఫిలిప్పీన్స్ స్ట్రీట్ ఫుడ్ స్టాల్ గిట్టుబాటు అవుతుందా?

మీ ప్రశ్న ఇదీ: చెఫ్‌గా పనిచేసే ఫిలిప్పీన్స్ ఫ్రెండ్ ఒకతను లండన్‌లో తమ దేశపు వీధి తిండి స్టాల్ పెడతానంటున్నాడు, మిమ్మల్ని పార్ట్‌నర్‌గా రమ్మంటున్నాడు, చేరొచ్చా?

ఎమ్మెస్సీ చదివేటప్పుడు తూర్పు లండన్‌లో ఒక ఫిలిప్పీన్స్ చెఫ్ స్టాల్‌లో వారాంతాల్లో పనిచేశాను. అంతకుముందు ఓడల్లో వంట చేసిన మనిషి ఆయన. మనం ‘అన్నా’ అన్నట్టు అందరూ ఆయన్ని ‘కుయా’ అని పిలిచేవాళ్లు, నేనూ అంతే. అక్కడ చూసిందాన్ని బట్టి చెబుతున్నా. మీ ఫ్రెండ్‌కి వంట బాగా వచ్చనే అనుకుందాం. వచ్చిన వంటకాల్లో ఎన్ని వదులుకోగలడో ముందు అది అడగండి.

మనీలాలో ఈ తిండిని పుల్ల లెక్కన అమ్ముతారు. కోడి పేగులు, కోడి కాళ్లు, గడ్డకట్టిన రక్తం ముక్కలు, అన్నీ వెదురు పుల్లలకు గుచ్చి బొగ్గుల మీద కాలుస్తారు. కాళ్లకు ‘అడిడాస్’ అనీ, పలకల్లా ఉండే రక్తం ముక్కలకు పాత వీడియో క్యాసెట్ల పేరు మీద ‘బీటామాక్స్’ అనీ ముద్దుపేర్లు కూడా ఉన్నాయి. జనం బండి దగ్గరే నిలబడి, వెనిగర్‌లో ముంచుకుని తిని, పుల్లలు లెక్కపెట్టి చిల్లర ఇచ్చి వెళ్లిపోతారు. అదే పద్ధతి లండన్‌లో పెడితే, స్థలం కిరాయి, పనివాడి జీతం, బొగ్గు ఖర్చు పోగా చేతికి ఏమీ రాదు. అందుకే కుయా పుల్ల అమ్మకం మానేసి ప్లేట్ అమ్మాడు: అన్నం, రెండు పుల్లలు, పచ్చి బొప్పాయి ఊరగాయ కొంచెం, పక్కన చిన్న కప్పులో వెనిగర్. అలా మార్చాకే స్టాల్ నిలబడింది.

పేగులు కూడా పెట్టాలని ఆయనకు చాలా ఆశ. కానీ వాటిని కడిగి, మళ్లీ మళ్లీ కడిగి, ఉడకబెట్టేసరికి సగం రోజు పోతుంది. అడిగేది ఆ దేశం వాళ్లే, అదీ పండగలకి. తీసేశాడు. చివరికి మెనూలో మిగిలినవి పోర్క్ బార్బెక్యూ, చికెన్ ఇనసాల్ (మసాలాలో నానబెట్టి కాల్చిన కోడి), లుంపియా (వాళ్ల స్ప్రింగ్ రోల్), క్వెక్‌క్వెక్, తీపికి తురోన్ (అరటిపండు చుట్టి వేయించిన రోల్). ఈ క్వెక్‌క్వెక్ అంటే ఉడికించిన కౌజుపిట్ట గుడ్డుకి నారింజరంగు పిండి పూత వేసి నూనెలో వేయించడం. మన ఎగ్ బజ్జీకి చిన్న తమ్ముడు. మన తెలుగు స్టూడెంట్లు ఒక్కసారి తిన్నాక మళ్లీ దాని కోసమే వచ్చేవాళ్లు. పోర్క్ తినని వాళ్లు కూడా వస్తారు కాబట్టి క్వెక్‌క్వెక్‌కి ఎప్పుడూ వేరే మూకుడు, వేరే పట్టకారు.

అసలు పనంతా ముందురోజు రాత్రే. పోర్క్ భుజం మాంసం పలచటి పట్టీలుగా కోసి, సోయా సాస్, వెల్లుల్లి, బ్రౌన్ షుగర్, బనానా కెచప్, కాస్త నిమ్మ సోడాలో నానబెట్టాలి. బనానా కెచప్ లేకుండా ఆ రుచి రాదు. టమాటాలు దొరకని కాలంలో అరటిపళ్లతో దాన్ని తయారుచేసిన ఘనత మరియా ఒరోసా అనే ఫుడ్ సైంటిస్టుకి ఇస్తారు. పుల్లకు గుచ్చేటప్పుడు మాంసాన్ని కుట్టినట్టు మడతలు వేస్తూ గుచ్చి, కొసన ఒక కొవ్వు ముక్క పెట్టాలి. కాలేటప్పుడు అది కరిగి కింది మాంసం మీదకు జారుతుంది. పంచదార ఉన్న పూత మొదట్లోనే రాస్తే పైన మాడిపోయి లోపల పచ్చిగా ఉంటుంది, అందుకే బ్రష్ చివరి నిమిషాల్లోనే తీయాలి. కలమాన్సీ అనే వాళ్ల చిన్న నిమ్మకాయ లండన్‌లో తాజాగా దొరకడం కష్టం. కుయా ఫ్రీజర్‌లో దొరికే రసం వాడేవాడు, అది లేని వారం లైమ్ రసంలో కొంచెం కమలా రసం కలిపేవాడు.

కస్టమర్లు రెండు రకాలు. ఇక్కడి ఆస్పత్రుల్లో ఫిలిప్పీన్స్ నర్సులు చాలామంది. డ్యూటీ దిగి యూనిఫాం మీద కోటు తొడుక్కుని వచ్చే అక్కయ్యలు వెనిగర్ రుచి చూశాకే మిగతాది తింటారు. పులుపు తగ్గిందంటే మొహం మీదే చెప్పేస్తారు. రెండో రకం ఆఫీసు వాళ్లు, టూరిస్టులు. వాళ్లలో కొందరు ఘాటు ఎక్కువైందంటారు. వాళ్ల కోసం వెనిగర్‌లో నీళ్లు కలుపుదామని ఒక పార్ట్‌టైమ్ అబ్బాయి సలహా ఇస్తే కుయా ససేమిరా అన్నాడు. తీపి సాస్ ఇంకో సీసాలో పెట్టాడు, ఎవరికి కావలసింది వాళ్లు పోసుకుంటారు. నా లెక్కలో ఆయన చేసిన తెలివైన పని ఇదే. వారం వారం తిరిగి వచ్చేదీ, బర్త్‌డేలకు లుంపియా ట్రేలు ఆర్డర్ ఇచ్చేదీ ఆ నర్సులే. వానపడి మార్కెట్ ఖాళీగా ఉన్న వారాల్లో స్టాల్‌ని నడిపింది ఆ ట్రేలే.

రూల్స్ టెన్షన్ పెడతాయి కానీ కష్టమేమీ కాదు. వ్యాపారం మొదలుపెట్టడానికి 28 రోజుల ముందే స్థానిక కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయాలి, దానికి ఫీజు లేదు. వేడిగా ఉంచి అమ్మేది 63 డిగ్రీలకు తగ్గకూడదు, ఫ్రిజ్ 8 డిగ్రీలు దాటకూడదు. 14 రకాల అలర్జీ పదార్థాల్లో ఏవి ఉన్నాయో చెప్పగలగాలి. ఈ వంటలో అది చిన్న విషయం కాదు: సోయా, సోయా సాస్‌లోని గోధుమ, గుడ్డు, చేపల సాస్, రొయ్యల పేస్ట్ అన్నీ ఆ జాబితాలోవే. ఒకే సాస్ గిన్నెలో అందరూ ముంచుకోవడం ఇక్కడ కుదరదు. బొగ్గు విషయంలో మాత్రం జాగ్రత్త. టెంట్‌కి అన్ని పక్కలా గుడ్డ దించి బొగ్గు కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం మీదకు తెస్తుంది. ఎంత చలేసినా పక్కలు తెరిచే ఉంచాలి. కొన్ని మార్కెట్లు బొగ్గు అసలు ఒప్పుకోవు, గ్యాస్ గ్రిల్ అంటే ఆ వాసన రాదు, ఆ వాసనే మనకు బోర్డు.

డబ్బు సంగతి. మార్కెట్ వాళ్లు కిరాయి రోజుకింత అని తీసుకుంటారు, లేదా అమ్మకంలో వాటా అడుగుతారు. మేమున్న ఒక చోట రెండూ అడిగారు, కుయా సీజన్ మధ్యలోనే బయటికొచ్చేశాడు. వేడి తిండి మీద వ్యాట్ 20 శాతం. ఏడాది టర్నోవర్ 90,000 పౌండ్లు దాటితే రిజిస్టర్ కావాల్సిందే, కాబట్టి ధర పెట్టేటప్పుడే అది మనసులో ఉండాలి.

ఇక మీ సంగతి. మీరు స్టూడెంట్ వీసా మీద ఉంటే పార్ట్‌నర్‌గా చేరడం కుదరదు, ఆ వీసాలో సొంత వ్యాపారానికి అనుమతి లేదు. జీతానికి పనిచేయొచ్చు, డిగ్రీ స్థాయి కోర్సైతే మామూలుగా టర్మ్‌లో వారానికి 20 గంటలు. చదువు పూర్తయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా వచ్చాక ఆ అడ్డు ఉండదు. ఏ వీసా అయినా సరే, సంతకం పెట్టే ముందు మీ ఫ్రెండ్‌ని ఐదు వంటకాల మెనూ రాసివ్వమనండి. మార్కెట్ వాళ్లని బొగ్గుకి ఒప్పుకుంటారా, వానకి మూసేస్తే కిరాయి తిరిగిస్తారా అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి.