టీవీ దగ్గరున్న నాలుగు డబ్బాలకు నాలుగు వైర్లు లాగాలా?

అక్కర్లేదండి. మీరు అడిగింది ఇదీ కదా: రౌటర్ బెడ్‌రూమ్‌లో ఉంది, హాల్లో టీవీ యూనిట్ దగ్గర స్మార్ట్ టీవీ, పీఎస్5, సెట్‌టాప్ బాక్స్, ఏవీ రిసీవర్ (స్పీకర్లకి సౌండ్ పంపే డబ్బా) ఉన్నాయి, అక్కడికి గోడలోంచి ఒక్కటే లాన్ వైరు వస్తోంది, సాయంత్రమైతే వైఫై మీద సినిమా ఆగి ఆగి నడుస్తోంది, ఇంకో మూడు వైర్లు లాగించాలా, హాల్లో రెండో రౌటర్ పెట్టాలా, మెష్ (ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే వైఫైని పంచే డబ్బాల సెట్టు) కొనాలా అని. ఉన్న ఆ ఒక్క వైరు చాలు. దాని చివర ఒక మామూలు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) నెట్‌వర్క్ స్విచ్ పెట్టండి, అంటే ఒక లాన్ వైరుని చాలా పోర్టులకి పంచే చిన్న డబ్బా. ఒక పోర్టులో గోడ వైరు, మిగతా పోర్టుల్లో మీ డబ్బాలు. దానికి యాప్ ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు, సెట్ చేయాల్సింది ఏమీ ఉండదు, ఎవరికి ఏ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబరు) ఇవ్వాలో బెడ్‌రూమ్‌లో రౌటరే చూసుకుంటుంది.

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో ఇలాగే నడుస్తోంది, నిజాంపేటలో మా బామ్మర్ది వాళ్లింట్లో కూడా నేనే పెట్టాను.

నాలుగూ ఒకే వైరు మీద పడితే స్పీడు తగ్గిపోదా అని అందరికీ వచ్చే డౌటే. ఆ వైరు 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. 4కే సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15. నాలుగు తెరల మీద నాలుగు 4కే సినిమాలు పెట్టినా 60 దాటదు. ఇరుకు ఉండేది వైరులో కాదు, మీ ఇంటర్నెట్ ప్లాన్‌లో. 200 ఎంబీపీఎస్ ప్లాన్ మీద 100 జీబీ గేమ్ దించితే పూర్తి వేగంతో కూడా గంట పైనే పడుతుంది, ఆ గంటసేపూ ప్లాన్ మొత్తం అదే తాగేస్తుంది కాబట్టి పక్కన సీరియల్ చూసేవాళ్లకి చుక్కలు కనపడతాయి. దీనికి స్విచ్ మందు కాదు. గేమ్‌ని రాత్రి రెస్ట్ మోడ్‌లో దించుకోవడమో, రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పరికరానికి ముందు నెట్ అందాలో చెప్పే సెట్టింగ్) ఉంటే టీవీకి ముందు వరస ఇవ్వడమో చేయాలి. మీ సాయంత్రం గొడవ వైఫైదా, పీఎస్5దా అన్నది ముందు తేల్చుకోండి.

కొనేటప్పుడు, మీకు ఇప్పటికే నాలుగున్నాయి కాబట్టి 5 పోర్టులది కొన్నరోజే నిండిపోతుంది. 8 పోర్టులది తీసుకోండి, ధరలో పెద్ద తేడా ఉండదు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, కోఠీ గుజరాతీ గల్లీలోనో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో అయితే సరేసరి. డబ్బా మీద 10/100/1000 అని ఉందో లేదో చూసుకోండి, ఉత్త 10/100వి ఇంకా అమ్ముతున్నారు. ఇంకో మాట, షాపులో "ఇదెందుకు సార్, స్ప్లిట్టర్ పెట్టుకోండి" అని ఒక మూతి రెండుగా చీలిన చిన్న ముక్క చేతిలో పెడతారు, కరెంటు వైరు కూడా ఉండదు దానికి. వద్దు. అలాంటివి చాలామటుకు ఒకసారి ఒక్క పరికరానికే పనిచేస్తాయి.

స్విచ్ కంటే ముందు చూడాల్సింది గోడలో వైరు. దానికి ఒక లాప్‌టాప్ తగిలించి లింక్ స్పీడ్ ఎంతో చూడండి, 1000 రావాలి. బామ్మర్ది ఇంట్లో 100 దగ్గరే ఆగిపోయింది. సాకెట్ విప్పి చూస్తే ఎనిమిది తీగల్లో నాలుగే కలిపి, మిగతా నాలుగూ చుట్ట చుట్టి లోపల దోపేశాడు ఎవరో మహానుభావుడు. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, ఒక్క తీగ సరిగ్గా కలవకపోయినా చప్పుడు చేయకుండా 100కి దిగిపోవచ్చు. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే చాలా స్విచ్‌ల మీద గిగాబిట్‌కి ఒక రంగు లైటు, 100కి ఇంకో రంగు ఉంటుంది, పెట్టిన వెంటనే అది చూడండి. తీగలు మళ్లీ కలిపించాల్సి వస్తే రెండు చివర్లా ఒకే వరస ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. వైరు మీద క్యాట్ 5ఈ అని ఉంటే మార్చకండి, 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, మన ఫ్లాట్లలో 20 మీటర్లు దాటితే గొప్ప. వైరే పాడైతే క్యాట్ 6 కొనండి, కానీ పూర్తి రాగిదేనా అని అడిగి మరీ. అల్యూమినియం తీగకి రాగి పూత పూసినవి చవగ్గా అంటగడుతుంటారు. కొత్తది లాగేటప్పుడు అదే పైపులో వాడని డిష్ వైరేదైనా ఉంటే దాని చివర కట్టి లాగితే గోడ పగలగొట్టే పని తప్పుతుంది. కరెంటు తీగలున్న పైపులోంచి మాత్రం పోనివ్వకండి.

ఇక రెండో రౌటర్ సంగతి. మీకు ఇల్లంతా నెట్ ఉండి కూడా ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ కావట్లేదు, రిసీవర్ యాప్ "డివైస్ దొరకలేదు" అంటోంది అంటే, పదింట ఎనిమిది సార్లు కారణం ఇదే అని నా అనుభవం. ఫైబర్ కంపెనీవాళ్లు పెట్టిన డబ్బా కూడా రౌటరే. దానికి ఇంకో రౌటర్ తెచ్చి తగిలిస్తే అది హాల్లో వేరు కుంపటి పెట్టుకుంటుంది: ఉదాహరణకి బెడ్‌రూమ్‌లోవాటి ఐపీ అడ్రస్‌లు 192.168.1 వరసలో, హాల్లోవి 192.168.0 వరసలో. రెండిట్లోనూ యూట్యూబ్ వస్తుంది, అందుకని అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఫోను "ఇంట్లో టీవీ ఎవరైనా ఉన్నారా" అని వేసే కేక తన నెట్‌వర్క్ గడప దాటదు, దాంతో ఫోన్‌లోది టీవీ మీదకి పంపే క్రోమ్‌క్యాస్ట్, ఎయిర్‌ప్లే, డీఎల్ఎన్ఏ ఏవీ ఒకదానికొకటి కనపడవు. పీఎస్5లో పార్టీ వాయిస్ చాట్ కూడా దీనివల్లే తంటాలు పెట్టొచ్చు. పాత రౌటర్ ఇంట్లో పడుంది, వాడుకుంటాను అంటే భేషుగ్గా వాడండి, కాకపోతే సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా ఉన్నదాన్నే వైఫైగా పంచే మోడ్) మార్చి. ఆ మోడ్ లేని పాతదైతే ముందు దాని సొంత ఐపీని మెయిన్ రౌటర్ వరసలోనే వేరే ఎవరికీ లేని అంకెకి మార్చి, తర్వాత డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, వైరుని వ్యాన్ (ఇంటర్నెట్) పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. అప్పుడది వైఫై ఉన్న స్విచ్‌లా పనిచేస్తుంది. ఫోన్లు గెస్ట్ వైఫైలో ఉన్నా ఇదే గొడవ, అదీ ఒకసారి చూడండి.

స్విచ్ పెట్టాక ఒక టెన్షన్ వస్తుంది, ముందే చెప్తున్నా. టీవీలో స్పీడ్ టెస్ట్ పెడితే వైఫై మీద 180 వచ్చింది, వైరు మీద 94 వస్తోంది, మోసపోయాం అనిపిస్తుంది. వైరు తప్పు కాదు. లక్ష రూపాయల టీవీల్లో కూడా చాలావాటికి లాన్ పోర్టు 100దే ఇస్తారు, పీఎస్5కి మాత్రం గిగాబిట్ ఉంటుంది. సినిమాకి కావాల్సింది 15 కాబట్టి 94 అయినా నిలకడగా వస్తే అదే మేలు. ఒకవేళ మీరు 4కే బ్లూరే ఫైళ్లు ఇంట్లో హార్డ్‌డిస్క్ నుంచి నేరుగా ఆడించే రకమైతే, వాటిలో ఒక్కో చోట 100 దాటుతుంది, అప్పుడు టీవీ ఒక్కదాన్ని 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉంచడమే నయం.

రిసీవర్‌కి నెట్ ఇచ్చేది పాటల యాప్‌లకి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కి. టీవీ సౌండ్ లాన్ మీద రిసీవర్‌కి వెళ్లదు, దానికి వేరే వైరు ఉండాల్సిందే, మామూలుగా టీవీ సౌండ్‌ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ ఈఆర్క్ పోర్టు నుంచి.

కరెంటు: రౌటర్ ఇన్వర్టర్ మీద ఉండి స్విచ్ టీవీ స్పైక్ బస్టర్‌లో ఉంటే, మే నెల గాలిదుమారానికి కరెంటు పోయినప్పుడు హాల్లో యాక్సెస్ పాయింట్‌కి రౌటర్‌తో లంకె తెగిపోతుంది, ఇంట్లో అందరూ ఫైబర్ కంపెనీని తిడుతుంటారు. స్విచ్‌ని కూడా ఇన్వర్టర్ సాకెట్‌లోనే పెట్టండి. ఇంకోటి, ఒకే వైరు రెండు చివర్లూ స్విచ్‌లోనే గుచ్చితే ఇంట్లో నెట్ మొత్తం పడిపోతుంది. ఇల్లు సర్దేటప్పుడు వేలాడుతున్న చివర చూసి ఎవరో ఒకరు ఖాళీ పోర్టులో పెట్టేస్తారు, వాడని వైరుని అసలు స్విచ్ దగ్గరే ఉంచకండి.

మెష్ ఇప్పుడే కొనకండి. టీవీ దగ్గరి నాలుగూ వైరు మీదకి వచ్చేస్తే వైఫైలో మిగిలేది ఫోన్లు, లాప్‌టాప్‌లే, ఆ బరువు ఉన్న రౌటర్ మోస్తుందేమో ఓ వారం చూడండి. అప్పటికీ వంటింట్లోనో బాల్కనీలోనో సిగ్నల్ అందకపోతే మెష్ తీసుకోండి, కానీ హాల్లో పెట్టే దాన్ని గాలి మీద వదలకుండా ఇదే స్విచ్‌లో వైరుతో కలపండి, మెష్‌ని కూడా యాక్సెస్ పాయింట్ మోడ్‌లోనే పెట్టి.