ఎనిమిదో తరగతి అమ్మాయిని ఎన్‌సీసీకి పంపాలా, ట్యూషన్‌కే పరిమితం చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 8వ తరగతి చదువుతోంది. ఈ ఏడాది ఎన్‌సీసీలో చేరతానని పట్టుబడుతోంది. శనివారం బడి అయ్యాక పరేడ్ ఉంటుందట. అదే వేళకు లెక్కల ట్యూషన్ ఉంది. ట్యూషన్‌కు ఆటంకం కలిగితే పదో తరగతిలో దెబ్బతింటుందని వాళ్ల నాన్నగారి భయం. మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఆదివారాలు సైన్స్ క్లబ్ నడుపుతున్నారు. ఇవి కాక, పట్టణంలో ఒక సంస్థవారు పిల్లలకు నాయకత్వ శిక్షణ ఇస్తామంటూ ఆరు వారాలకు 15,000 రూపాయలు అడుగుతున్నారు. వీటిలో పాప భవిష్యత్తుకు ఏది మేలు? రేపు ఉద్యోగానికి ఉపయోగపడుతుందా?

జవాబు: అమ్మా, అమ్మాయిని ఎన్‌సీసీలో చేర్చండి. ట్యూషన్ మాన్పించనవసరం లేదు, దాని వేళ మార్పించండి. సైన్స్ క్లబ్‌కు వీలున్న ఆదివారాలు పంపండి. డబ్బు కట్టే శిక్షణ జోలికి పోకండి.

ఎన్‌సీసీని ముందు పెట్టడానికి మొదటి కారణం వయసు. పాఠశాల స్థాయిలో బాలికలకు ఉండే జూనియర్ వింగ్ శిక్షణ రెండేళ్లు సాగుతుంది, ఆ తరువాత ‘ఎ’ సర్టిఫికెట్ పరీక్ష ఉంటుంది. అందుకే మన ఉన్నత పాఠశాలల్లో సాధారణంగా 8వ తరగతిలోనే పిల్లలను ఎంపిక చేసి, తొమ్మిదో తరగతి ముగిసేసరికి శిక్షణ పూర్తయ్యేలా చూస్తారు. పదో తరగతి ఏడాదంతా చదువుకే మిగులుతుంది. వచ్చే ఏడాది చూద్దామని మీరు వాయిదా వేస్తే పాఠశాలలో ఈ అవకాశం దాదాపుగా దాటిపోయినట్టే. ఆపైన కళాశాలలో సీనియర్ వింగ్ ఉన్నచోట సీటు దొరికితేనే మళ్లీ ఆ మాట. ట్యూషన్ అలా కాదు, అది ఏ తరగతిలోనైనా, ఏ నెలలోనైనా మొదలుపెట్టుకోగలిగినది.

రెండో కారణం అక్కడ జరిగే పని. 1948లో ఏర్పడిన ఈ దళం అనగానే కవాతు ఒక్కటే గుర్తుకొస్తుంది కాని, పిల్లలకు ప్రథమ చికిత్స, పటం చూసి దారి గుర్తించడం, విపత్తు వేళ చేయవలసిన పనులు, శిబిరాల్లో .22 రైఫిల్‌తో గురి చూసి కాల్చడం కూడా నేర్పుతారు. నా దృష్టిలో వీటన్నిటికన్నా విలువైనది వార్షిక శిక్షణ శిబిరం. సుమారు పది రోజులు అమ్మానాన్నలు లేకుండా, వేరే ఊళ్ల అమ్మాయిలతో ఒకే గదిలో పడుకుని, తెల్లవారుజామునే లేచి, తన పక్కబట్టలు తాను మడిచిపెట్టుకుని, వరుసలో నిలబడి అన్నం తిని, తన వల్ల దళమంతా ఆలస్యం కాకూడదన్న ఎరుకతో మెలగడం పదమూడేళ్ల పిల్లకు మరెక్కడా దొరకని అనుభవం. మొదటి రెండు రోజులు ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేయించుకున్న పిల్లలు పదో రోజున బస్సు ఎక్కడానికి ఇష్టపడకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఇంటర్మీడియట్‌కు హాస్టల్లో చేరి, బెంగ తట్టుకోలేక మొదటి నెలలోనే తిరిగి వచ్చేసే పిల్లలనూ అంతే తరచుగా చూస్తుంటాను కనుక, ఈ పది రోజులను నేను చదువులో భాగంగానే లెక్కిస్తాను.

ఇక ఉద్యోగం సంగతి. ఇందులో మీకు లేనిపోని ఆశ కల్పించడం నాకిష్టం లేదు. ‘ఎ’ సర్టిఫికెట్ ఒక్కదానితో ఏ ఉద్యోగమూ రాదు. ఇంజనీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగ్‌లో ఎన్‌సీసీ అభ్యర్థులకు ప్రత్యేక కోటా ఉన్న మాట నిజమే కాని, ఆ సీట్లు చాలా తక్కువ. పైగా ఎవరి సర్టిఫికెట్‌కు, ఏ స్థాయి శిబిరానికి ఎంత ప్రాధాన్యమో చూసి వరుస నిర్ణయిస్తారు. అసలు ప్రయోజనం డిగ్రీలో కనిపిస్తుంది. అక్కడ మూడేళ్ల శిక్షణతో ‘సి’ సర్టిఫికెట్‌ను కనీసం ‘బి’ గ్రేడుతో సాధించి, డిగ్రీలో 50 శాతం మార్కులు తెచ్చుకున్నవారు సైన్యంలో అధికారి పోస్టుకు ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. వారికి రాతపరీక్ష ఉండదు. దరఖాస్తుల వడపోతలో నిలిస్తే నేరుగా సైనికాధికారులను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఈ దారి అమ్మాయిలకూ ఉంది. ఎనిమిదో తరగతిలో చేరితేనే ఆ దారి తెరుచుకుంటుందని కాదు, డిగ్రీలో కొత్తగా చేరినవారూ వెళ్లవచ్చు. ఇప్పుడే చేరిన పిల్లకు ఆ జీవితం తనకు సరిపడుతుందో లేదో పదిహేనేళ్లకే తెలిసిపోతుంది, అంతే తేడా.

ఇక్కడే ఒక చిన్న జాగ్రత్త చెబుతాను. నమోదు పత్రంలో పాప పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ పాఠశాల రికార్డులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయించండి. పదో తరగతి మెమోలో ఒక రకంగా, ఎన్‌సీసీ సర్టిఫికెట్‌లో మరో రకంగా ఉండి, కౌన్సెలింగ్ పరిశీలన రోజున దిద్దుబాటు కోసం పరుగులు తీసిన కుటుంబాలు నాకు తెలుసు. అలాగే హాజరు సంగతి. పరేడ్లకు 75 శాతం హాజరు లేనివారిని పరీక్షకు అనుమతించరు కాబట్టి, పెళ్లిళ్లకూ పండుగలకూ వరుసగా శనివారాలు మానిపించడం కుదరదు.

వాళ్ల నాన్నగారి భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. ఎనిమిదో తరగతిలో బీజగణితం పట్టు తప్పితే తొమ్మిదిలో కష్టమవుతుంది. అయితే వారానికి ఒక సాయంత్రం తగ్గినందువల్ల లెక్కలు పోవు. రోజూ ఇంటి దగ్గర అరగంటైనా సొంతంగా లెక్క చేసే అలవాటు లేకపోతే పోతాయి. ట్యూషన్ మాస్టారితో మాట్లాడి శనివారం పాఠాన్ని ఆదివారం ఉదయానికో, మరో రోజుకో మార్పించండి. త్రైమాసిక పరీక్షల మార్కులు చూడండి. అప్పటికి లెక్కల్లో నిజంగా వెనుకబడితే, టీవీకీ ఫోన్‌కూ పోతున్న సమయాన్ని ముందు తగ్గించి, పరేడ్ గురించి ఆ తరువాత ఆలోచించమని ఆయనకు నా మాటగా చెప్పండి.

గ్రంథాలయంలోని సైన్స్ క్లబ్ గురించి చదివి నాకు చాలా సంతోషం కలిగింది. సాయంత్రాలు పిల్లలను ఒకచోట చేర్చి ఆడించడం, పాడించడం, ఆలోచింపజేయడం మనకు కొత్త కాదు; రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. 1988 నుంచి పనిచేస్తున్న సైన్స్ ప్రచార సంస్థ జన విజ్ఞాన వేదిక, పిల్లల సైన్స్ పత్రిక చెకుముకిని, చెకుముకి పోటీలను బడి పిల్లల దాకా తీసుకువెళ్లింది. మీ ఊరి మాస్టారు ఆ కోవలోనివారే అనుకుంటాను. పాపకు ఏదైనా ఆలోచన తడితే బడి పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకానికి పాఠశాల ద్వారానే నమోదు చేయించవచ్చు. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారుచేసుకోవడానికి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలో వేస్తారు. బాలల సైన్స్ కాంగ్రెస్‌కు ఊళ్లోని ఏదైనా సమస్యను, అది చెరువు నీరైనా చెత్త కుప్పైనా, పిల్లలే పరిశీలించి నివేదిక రాయాలి. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు కూడా ఇంటర్వ్యూలో తమ ప్రాజెక్టు గురించి నాలుగు వాక్యాలు చెప్పలేక తడబడటం చూసినప్పుడల్లా, బడి వయసులో ఇటువంటి ఒక్క నివేదికైనా రాసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఎన్‌సీసీలో సీట్లు పరిమితం కనుక అమ్మాయి ఎంపిక కాకపోవచ్చు. అప్పుడు బడిలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఉందేమో అడగండి. గైడ్‌గా ప్రవేశ్ నుంచి తృతీయ సోపాన్ దాకా, ఆపైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు దాకా మెట్లు ఉన్నాయి. రైల్వేలో స్కౌట్స్, గైడ్స్ కోటా నియామకాలు ఉంటాయి కాని, వాటికి రాష్ట్రపతి అవార్డు వంటి పై అర్హతతోపాటు ఏళ్ల తరబడి చురుకైన సభ్యత్వం అడుగుతారు.

పదిహేను వేల రూపాయల శిక్షణ విషయంలో రెండు మాటలు చాలు. ఆరు వారాల్లో ఇచ్చే ఆ ప్రైవేటు సర్టిఫికెట్‌కు ప్రవేశాల్లోనూ ఉద్యోగాల్లోనూ విలువ లేదు. నాయకత్వం గురించి వినడం కన్నా, పదిమంది అమ్మాయిల స్క్వాడ్‌ను ఒక్కసారి తానే నడిపించడం పాపకు ఎక్కువ నేర్పుతుంది.

సంతకం చేసే ముందు మీరు స్వయంగా బడికి వెళ్లండి. పరేడ్ ఎన్ని గంటలకు ముగుస్తుంది, ఆ సమయంలో మహిళా ఉపాధ్యాయిని ఎవరైనా ఉంటారా, శిబిరానికి పిల్లల వెంట ఎవరు వెళతారు, రాత్రి బస ఎక్కడ, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ప్రధానోపాధ్యాయుడిని, ఎన్‌సీసీ అధికారిగా ఉన్న ఉపాధ్యాయుడిని అడిగి రాసుకోండి. ఇలా అడగడం తల్లిగా మీ హక్కు. సరిగ్గా నడిపేవారు విసుక్కోరు. సైన్స్ క్లబ్ దగ్గరా ఇవే ప్రశ్నలు అడగండి, మాస్టారు ఎంత మంచివారైనా సరే. ఎక్కడైనా ఎవరి ప్రవర్తన అయినా ఇబ్బందిగా అనిపిస్తే వెంటనే ఇంట్లో చెప్పాలనీ, 1098 నంబరు పిల్లల కోసమే ఉందనీ అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. పరేడ్ రోజున ఖాళీ కడుపుతో ఎండలో నిలబడకుండా, విరామంలో తినడానికి రెండు అరటిపళ్లో, కొన్ని వేరుశనగ ఉండలో సంచిలో పెట్టి పంపండి.