ఏ మీటింగు నాకు సరిపోతుంది?

ప్రశ్న: నా వయసు 44. మాది హిందూపురం దగ్గర ఒక పల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. రోజూ తాగే అలవాటు ముదరడంతో ఆస్పత్రిలో చేరి, కొన్ని నెలల క్రితం మానేశాను. డాక్టరుగారు, తాగుడు మానదలచినవారు కలిసి మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు వెళ్లమన్నారు. చర్చి ఆవరణలో జరిగే ఒకదానికి వెళ్లాను. అందరూ ఇంగ్లీషులో మాట్లాడారు, దేవుడి ప్రస్తావన పదేపదే వచ్చింది. నోరు విప్పకుండానే వచ్చేశాను. తెలిసినవారు చూస్తారేమోనన్న భయమూ ఉంది. నాకు తగిన చోటును ఎలా వెతుక్కోవాలి?
– ఒక పాఠకుడు, బొమ్మసంద్ర

జవాబు: మీరు చూసింది ఒక్క బృందాన్ని మాత్రమే. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో, తాగుడుతో నలిగిపోయిన ఒక షేర్ల వ్యాపారీ ఒక సర్జనూ కూర్చుని తమ గోడు చెప్పుకోవడంతో మొదలైన ఈ సంస్థలో పైనుంచి ఆజ్ఞలిచ్చేవారుండరు. ఏ బృందం పద్ధతిని ఆ బృందమే నిర్ణయించుకుంటుంది కనుక, ఒకచోట పుస్తకం చదివి చర్చిస్తారు, మరొకచోట ఒక పాత సభ్యుడు తన కథంతా చెబుతాడు, ఇంకొకచోట వరసగా అందరూ మాట్లాడతారు. అందుకే మూడు నాలుగు బృందాలు చూడకుండా, ఒక్కొక్కదానికి కనీసం రెండుసార్లు వెళ్లకుండా నిర్ణయానికి రావద్దు.

ముందు భాష సంగతి. బెంగళూరులో ఇంగ్లీషుతో పాటు కన్నడ, తమిళ మీటింగులూ జరుగుతాయి. హిందూపురం వైపు వారు కనుక కన్నడం మీకు కొత్త కాదు. వినడానికి కన్నడ మీటింగులో కూర్చోండి. మాట్లాడే వంతు వచ్చినప్పుడు మధ్యలో తెలుగు దొర్లినా ఈ ఊళ్లో ఎవరూ వింతగా చూడరు. సరిగా రాని ఇంగ్లీషులో గౌరవంగా మాట్లాడబోతే అసలు విషయం గొంతు దాటదు.

భాష కంటే కూడా నేను వేళకు ఎక్కువ విలువ ఇస్తాను. షిఫ్టు దిగి వైన్‌షాపు వైపు కాళ్లు లాగే గంట ఏదో మీకే తెలుసు. ఆదివారం పొద్దున ఎక్కడో ఇందిరానగర్‌లో జరిగే గొప్ప మీటింగు కంటే, సరిగ్గా ఆ గంటకు మీ దారిలో జరిగే మామూలు మీటింగు మీకు ఎక్కువ పనికొస్తుంది. హోసూరు రోడ్డు ట్రాఫిక్‌ను దాటి వెళ్లవలసిన చోటికి మూడో వారం ఎవరూ వెళ్లరు.

చర్చి అద్దెకిచ్చిన గదిలో జరిగినంత మాత్రాన ఆ బృందం చర్చికి చెందినది కాదు. సభ్యులు ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు సూత్రాల్లో, అంటే ‘పన్నెండు మెట్ల’లో, దేవుడి పేరున్న మాట నిజమే కాని, ఎవరికి అర్థమైన రూపంలో వారు తీసుకోవచ్చునని అక్కడే రాసి ఉంది. ఆ బృందాన్నే తమకు మించిన శక్తిగా భావించే నాస్తికులూ ఉన్నారు. అయినా మనసొప్పకపోతే, 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ అనే మరో సంస్థ దేవుడి ప్రస్తావన లేకుండా, ఆలోచననూ అలవాటునూ మార్చుకునే మెళకువలు నేర్పుతుంది; ఆన్‌లైన్‌లోనూ మీటింగులుంటాయి. కాని ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను తేలిగ్గా వదులుకోవద్దు: వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, రోగిని క్రమపద్ధతిలో ఈ పన్నెండు మెట్ల బృందాలకు అలవాటు చేసే చికిత్స, పూర్తిగా మానివుండే విషయంలో ఇతర చికిత్సల కంటే మెరుగ్గా కనిపించింది.

ఇక భయం. హాజరుపట్టీ ఉండదు, ఇంటిపేరు అడగరు. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగుకు తాగుడు మానదలచినవారే వస్తారు. మీరు రెండోదాన్ని అడిగి వెళ్లండి. అక్కడ మీ ఫ్యాక్టరీ మనిషి ఎదురైతే, ఆయన వచ్చిందీ అదే పనిమీద కదా! మీ వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి “ఈరోజు వింటాను” అంటే సరిపోతుంది. అయితే ముగియగానే బయటపడకండి. టీ గ్లాసులు పట్టుకుని నిలబడే ఆ పది నిమిషాల్లోనే ఫోన్ నంబర్లు చేతులు మారతాయి, రాత్రి పదింటికి తాగాలనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో తేలుతుంది. కొన్ని వారాల తర్వాత స్పాన్సరుగా, అంటే మానే దారిలో మీకు తోడుండే పాత సభ్యుడిగా, ఉండమని అడగదగిన పెద్దమనిషి కూడా అక్కడే కనబడతాడు.

ప్రవేశ రుసుము అడిగినా, ఫలానా సెంటరులో చేరమని బేరం పెట్టినా, డాక్టరు రాసిన మందులు ఆపేయమని చెప్పినా ఆ చోటికి మళ్లీ వెళ్లవద్దు. సభ్యులు వైద్యుల పాత్ర వహించరాదని ఆ సంస్థ తన పుస్తకాల్లోనే చెప్పింది. సంచి తిప్పినప్పుడు ఇష్టమైతే పదో ఇరవయ్యో వేయవచ్చు, లేకపోతే లేదు.

మీ భార్యకు, తాగేవారి కుటుంబసభ్యుల కోసం నడిచే అల్-అనాన్ అనే వేరే బృందం ఉంది. మీరు వెళ్లినా వెళ్లకపోయినా ఆమె వెళ్లవచ్చు. మళ్లీ రోజూ తాగడం మొదలైతే మాత్రం, ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపే ప్రయత్నం చేయవద్దు. తొలి రెండు రోజుల్లో ఫిట్సు, ఆ తర్వాత మతిభ్రమ రావచ్చు, ప్రాణాపాయమూ ఉంది. నిమ్‌హాన్స్‌లోని వ్యసన చికిత్స విభాగానికి గాని, మీ డాక్టరు దగ్గరకు గాని వెళ్లండి. వెళ్లాలో వద్దో తేలనప్పుడు 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ సలహాదారులు ఏ వేళనైనా, తెలుగులో కూడా మాట్లాడతారు.